అటక మీది వాల్వు రేడియోను మళ్లీ పాడించడం ఎలా?

అటక మీంచి దించిన పాత రేడియోను గుడ్డతో తుడిచి, "పనిచేస్తుందేమో చూద్దాం" అని నేరుగా ప్లగ్గు పెట్టేస్తారు. ఆ సెట్టుకు అంతకు మించిన నష్టం ఇంకేదీ లేదు. ముప్ఫై నలభై ఏళ్లు మూలన పడున్నా పోనిది ఆ రెండు నిమిషాల్లో పోతుంది. నా దగ్గరికి వచ్చే సెట్లలో ఇక బాగుపడవని తిప్పి పంపాల్సి వచ్చేవి ఎక్కువగా ఇలా పాడైనవే. లోపల మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోయి ఉంటుంది, లేదా స్పీకర్‌ను నడిపే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట తెగి ఉంటుంది. వాల్వు (లోపలి గాజు గొట్టం) వెతికితే దొరుకుతుంది. కండెన్సర్ పది ఇరవై రూపాయలు. సరిగ్గా ఆ సెట్టుకు సరిపోయే ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం దొరకదు, చుట్టించాలి. చుట్టి ఇచ్చేవాళ్లు ఇప్పుడు బాగా తగ్గిపోయారు.

అందుకే ప్లగ్గు సంగతి చివరికి. ముందు స్క్రూడ్రైవర్ తీసుకోండి.

మీ సెట్టు ఏ రకం?

వెనక అట్ట తీసి వాల్వుల మీద అచ్చేసిన నంబర్లు చూడండి. ఈసీహెచ్ 81, ఈబీఎఫ్ 89, ఈఎల్ 84, ఈజెడ్ 80 లాంటి 'ఈ' నంబర్లు ఉండి, పక్కన బరువైన ట్రాన్స్‌ఫార్మర్ కనిపిస్తే అది ఏసీ సెట్టు. 1950ల చివర, 1960లలో మన ఇళ్లకు వచ్చిన మంచి సెట్లలో చాలావాటికి ఇదే వరస. కొన్నింట్లో స్టేషన్ సరిగ్గా కుదిరిందో లేదో చూపించే పచ్చటి మేజిక్ ఐ కూడా ఉంటుంది. నేను చెప్పేదంతా ఈ రకం గురించే.

యూసీహెచ్ 81, యూసీఎల్ 82, యూవై 85 లాంటి 'యూ' నంబర్లు ఉండి ట్రాన్స్‌ఫార్మర్ లేకపోతే అది ఏసీ/డీసీ సెట్టు. కొన్ని నగరాల్లో డీసీ కరెంటు సరఫరా ఉన్న రోజుల్లో ఇవి బాగా అమ్ముడుపోయాయి. వీటిలో మెయిన్స్ తీగల్లో ఒకటి నేరుగా చాసిస్‌కే (భాగాలన్నీ బిగించిన ఇనుప చట్రానికే) తగిలి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే ఇనుప చాసిస్ మొత్తం 230 వోల్టుల మీద ఉంటుంది. నాబ్ లోపలి చిన్న స్క్రూ తగిలినా షాకే. మెయిన్స్ నుంచి సెట్టును వేరు చేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా దీని జోలికి వెళ్లొద్దు. మొదటిసారి చేసేవాళ్లు అసలు దీంతో మొదలుపెట్టొద్దు.

సామాను

మల్టీమీటర్ (డీసీ 600 వోల్టులైనా చూపించేది), దానికి మొసలి క్లిప్పులున్న తీగలు, 40 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సీసం కలిసిన 63/37 సోల్డర్, మెత్తటి బ్రష్షు, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, 10 కిలోఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్ ఒకటి. 60 వాట్లు, 100 వాట్ల పాతకాలం ఫిలమెంట్ బల్బులు, ఒక హోల్డరు, ఒక సాకెట్. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. విడిభాగాలు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. సీసం లేని సోల్డర్ కొనొద్దు, పాత ట్యాగుల మీద అది పట్టదు.

దుమ్ము

మూతికి గుడ్డ కట్టుకుని ఇంటి బయట దులపండి. ఎలకలు గూడు పెట్టిన సెట్టయితే ఆ చెత్త చేత్తో తీయొద్దు, గ్లౌజులు వేసుకోండి. వాల్వులు తీసే ముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. గాజు మీది నంబర్లను గట్టిగా తుడిచారో, అవి చెరిగిపోయి ఏ వాల్వు ఏదో తెలియకుండా పోతుంది. స్టేషన్ మార్చేటప్పుడు తిరిగే గ్యాంగ్ కండెన్సర్ రేకుల మధ్య బ్రష్షు మాత్రమే పోనివ్వండి, రేకు వంగకూడదు. వాల్యూమ్ కంట్రోల్, బ్యాండ్ స్విచ్చిల్లో కాస్త క్లీనర్ కొట్టి, ఇరవై సార్లు అటూ ఇటూ తిప్పండి.

డయల్ గాజు దగ్గర మాత్రం ఆగండి. స్టేషన్ల పేర్లు, మీటర్ల అంకెలు గాజు లోపలి వైపు రంగుతో అచ్చేసి ఉంటాయి. ఆ రంగు ఇన్నేళ్లకు ఎండి, గాజును వదిలేయడానికి సిద్ధంగా ఉంటుంది. తడి గుడ్డ ఒక్కసారి పెడితే ఢిల్లీ, మద్రాసు, సిలోన్ అన్నీ గుడ్డకు వచ్చేస్తాయి. బయటి వైపే తుడవండి. లోపలి వైపు పొడి బ్రష్షుతో ఊరికే తాకించి వదిలేయండి.

ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్లు అని చాసిస్ మీద చిన్న అల్యూమినియం డబ్బాలుంటాయి. వాటి పైన, కింద ఉండే స్క్రూలు వదులైన స్క్రూలు కావు. వాటిని "బిగించి" తెచ్చిన సెట్లు చాలా చూశాను. ఫ్యాక్టరీలో 455 కిలోహెర్ట్జ్‌కో, ఆ దరిదాపుల్లోనో కుదిర్చి మైనం పోసినవి అవి. సిగ్నల్ జనరేటర్ లేకుండా వాటిని ముట్టుకోవద్దు.

కండెన్సర్లు మార్చడం

చాసిస్ తిరగేస్తే గోధుమ రంగు మైనం పూసిన గొట్టాలు, నల్లటి తారు గొట్టాలు కనిపిస్తాయి. అవి పేపర్ కండెన్సర్లు. అన్నీ మార్చేయండి. మీటరుతో చూసి బాగున్నవి ఉంచుదామనే ఆలోచన వద్దు, ఎందుకో కింద చెబుతాను. 0.01, 0.022, 0.047, 0.1 మైక్రోఫారడ్ విలువల్లో 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్లు తెచ్చుకోండి. పాతదాని మీద 0.02 అని ఉంటే 0.022, 0.05 అని ఉంటే 0.047 వేయొచ్చు. ఒకటి తీశాక దాని స్థానంలో కొత్తది పెట్టి, ఆ తర్వాతే రెండోది తీయండి. అన్నీ ఒకేసారి కత్తిరించి పెట్టుకుంటే ఏ తీగ ఎక్కడిదో ఎవరికీ అంతుపట్టదు. మైకా, సిరామిక్ కండెన్సర్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. అవి చెడడం తక్కువ, పైగా స్టేషన్ల స్థానాలు వాటి మీదే ఆధారపడి ఉంటాయి.

మెయిన్స్ తీగల మధ్య కండెన్సర్ ఉంటే అక్కడ ఎక్స్2 రకమే వేయాలి. మెయిన్స్ నుంచి చాసిస్‌కు ఉంటే వై2 రకం. మామూలు ఫిల్మ్ కండెన్సర్ అక్కడ వేయడం నేరం కిందే లెక్క.

పెద్ద ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ సాధారణంగా చాసిస్ మీద నిలబడ్డ అల్యూమినియం డబ్బాలో ఉంటుంది. 50+50 మైక్రోఫారడ్, 350 వోల్టులు అని రాసి ఉంటుంది. కొద్దికొద్దిగా కరెంటిచ్చి దాన్నే మళ్లీ నిలబెట్టొచ్చని చెప్పేవాళ్లున్నారు. కొన్నిసార్లు నిలబడుతుంది కూడా. ఏదో ఒక సాయంత్రం షార్టయి, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వునూ (ఈజెడ్ 80), ట్రాన్స్‌ఫార్మర్‌నూ తీసుకుపోతుంది. డబ్బాను అందం కోసం అక్కడే ఉంచి, దాని తీగలన్నీ విప్పేసి, చాసిస్ కింద రెండు 47 మైక్రోఫారడ్ 450 వోల్టుల కొత్తవి పెట్టండి. పాతదానికి జంటగా కొత్తది తగిలించడం తప్పు పద్ధతి, పాతదాని లీకేజీ అలాగే ఉండిపోతుంది. "పెద్దదైతే గురగుర తగ్గుతుంది" అని 100, 220 వేసేవాళ్లూ ఉన్నారు. ఈజెడ్ 80 తర్వాత వచ్చే మొదటి కండెన్సర్ 50 మైక్రోఫారడ్ దాటకూడదు. దాటితే స్విచ్చి వేసిన ప్రతిసారీ ఆ వాల్వు కాథోడ్ దెబ్బతింటుంది. డబ్బా నెగటివ్ నేరుగా చాసిస్‌కు వెళ్తోందో, మధ్యలో చిన్న రెసిస్టర్ ఉందో కూడా చూసుకోండి. రెసిస్టర్ ఉంటే కొత్తవాటినీ అక్కడికే కలపాలి.

రెసిస్టర్లు ఒక కొస విప్పి కొలవండి. రాసిన విలువకు 20 శాతం పైగా తేడా ఉన్నవి మార్చండి. రబ్బరు తొడుగు తీగలు చేత్తో నలిపితే పొడిగా రాలుతుంటే అవీ మార్చాలి. మెయిన్స్ త్రాడు ఎలాగూ కొత్తది. దారిలో 500 మిల్లీయాంపియర్ల ఫ్యూజు పెట్టండి, అలాంటి సెట్టు లాగేది 40, 50 వాట్లే. వెనక వోల్టేజీ సెలెక్టర్ ఉంటే అన్నిటికన్నా పెద్ద అంకె మీద ఉంచండి.

మొదటిసారి కరెంటు ఇవ్వడం

ఇక్కడే తొందరపడతారు, ఇక్కడే సెట్లు పోతాయి. ఈ భాగం రెండుసార్లు చదవండి. పని పొద్దున పూట పెట్టుకోండి. రాత్రి భోజనమయ్యాక నిద్ర కళ్లతో చేసే పని కాదిది.

ముందు మీ ప్రాణం సంగతి. సెట్టు నడుస్తున్నప్పుడు లోపల 250 నుంచి 300 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకాక కూడా ఎలక్ట్రోలిటిక్‌లలో అది నిలిచి ఉండొచ్చు. ప్లగ్గు తీసిన ప్రతిసారీ ఆ 10 కిలోఓమ్‌ల రెసిస్టర్‌ను క్లిప్పు తీగలతో కండెన్సర్ ప్లస్‌కూ నెగటివ్‌కూ మధ్య పది సెకన్లు పట్టించండి. తర్వాత మీటరుతో చూసి, సున్నాకు దగ్గరగా ఉంటేనే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో టప్పుమనిపించడం పాత మెకానిక్కుల అలవాటే కానీ అది కండెన్సర్‌ను పాడుచేస్తుంది, నిప్పురవ్వ కంట్లో పడొచ్చు. కొలిచేటప్పుడు నల్ల క్లిప్పును ముందే చాసిస్‌కు తగిలించి, ఒక్క చేత్తోనే పని చేయండి. రెండో చెయ్యి జేబులో ఉండాలి. కాళ్ల కింద రబ్బరు చాప, ఇంట్లో ఇంకో మనిషి తప్పనిసరి.

ఇక బల్బు. ఫేజు తీగ దారిలో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు వచ్చేలా హోల్డరును, ఆ తర్వాత సాకెట్‌ను కలిపి ఒక బోర్డు చేసుకోండి. రేడియోను ఆ సాకెట్‌లోనే పెట్టాలి. లోపల పూర్తి షార్టున్నా సరే, బల్బు నిండుగా వెలుగుతుంది తప్ప ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోదు.

దీని బదులు వేరియాక్ (వోల్టేజీని తిప్పి మార్చుకునే ట్రాన్స్‌ఫార్మర్) పెట్టి సున్నా నుంచి మెల్లగా పెంచుకుంటూ పోవడం చాలామందికి ఇష్టం. చూడ్డానికి జాగ్రత్తగా చేస్తున్నట్టే ఉంటుంది. కానీ రెక్టిఫయర్ వాల్వు ఫిలమెంట్ తగినంత వేడెక్కేదాకా హెచ్‌టీ (ఇందాక చెప్పిన 250, 300 వోల్టుల డీసీ) రానే రాదు. తక్కువ వోల్టేజీలో గంటసేపు ఉంచినా కండెన్సర్లకు అందేదేమీ ఉండదు. వాల్వు వేడెక్కాక హెచ్‌టీ ఒక్కసారిగా లేస్తుంది. పైగా షార్టుంటే వేరియాక్ కరెంటును ఆపదు, మెయిన్స్ నుంచి మిమ్మల్ని వేరు కూడా చేయదు. బల్బు అలా కాదు, లోపలి పరిస్థితిని కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది.

మొదట వాల్వులన్నీ తీసేసి ట్రాన్స్‌ఫార్మర్‌ను మాత్రమే పరీక్షించాలి. స్విచ్చి వేయగానే బల్బు ఒక్క క్షణం మెరిసి, దాదాపు ఆరిపోవాలి. డయల్ దీపాల వల్ల ఫిలమెంట్ కొద్దిగా ఎర్రగా కనిపిస్తే ఫరవాలేదు. సగం వెలుగుతో నిలబడిందంటే ట్రాన్స్‌ఫార్మర్‌లో చుట్లు షార్టయ్యాయి, లేదా మెయిన్స్ కండెన్సర్‌లో లోపముంది. అక్కడితో ఆపేయండి. బాగుంటే ఈఎల్ 84 (స్పీకర్‌కు శక్తినిచ్చే వాల్వు) సాకెట్ 4, 5 పిన్నుల మధ్య ఏసీ 6 వోల్టుల పైచిలుకు రావాలి. పిన్నుల లెక్క సాకెట్ కింది వైపు నుంచి చూస్తూ, ఖాళీ జాగా దగ్గర మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగే దిశలో సాగుతుంది. ఈజెడ్ 80 సాకెట్ 1, 7 పిన్నుల దగ్గర చాసిస్‌తో చూస్తే రెండు వైపులా దాదాపు సమానంగా ఏసీ రావాలి. అది రెండు మూడు వందల వోల్టులని మర్చిపోవద్దు. అలాగే అరగంట వదిలేయండి. ట్రాన్స్‌ఫార్మర్ గోరువెచ్చగా ఉండొచ్చు, అంతే. చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, వార్నిష్ మాడిన వాసన వచ్చినా అది పనికిరాదు.

ఇప్పుడు ఆపి, ప్లగ్గు తీసి, వాల్వులన్నీ వాటి వాటి సాకెట్లలో పెట్టండి. స్పీకర్ తగిలించి ఉందో లేదో చూసుకోండి. స్పీకర్ లేకుండా వాల్వు సెట్టు నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ ఎగిసిపడి లోపలి ఇన్సులేషన్ పగులుతుంది. మీటరు ఎర్ర క్లిప్పును మొదటి కండెన్సర్ ప్లస్‌కు తగిలించాకే స్విచ్చి వేయండి, ముందు కాదు. వాల్వులు చల్లగా ఉంటాయి కాబట్టి బల్బు మొదట బాగానే వెలిగి కొంచెం తగ్గుతుంది. పది ఇరవై సెకన్లదాకా మీటరు కదలదు. తర్వాత హెచ్‌టీ పైకి వస్తూ ఉంటే బల్బు మళ్లీ కాస్త లేస్తుంది. బల్బు దారిలో ఉన్నందువల్ల హెచ్‌టీ పూర్తిగా రాదు, 150 దాటితే ఈ దశకు చాలు. బల్బు వెలుగు పెరిగిపోతూ హెచ్‌టీ 50 దగ్గరే ఆగితే ఎక్కడో షార్టుంది. ఈజెడ్ 80 లోపల నీలి మెరుపులు వచ్చినా, ఈఎల్ 84 లోపలి రేకు (ఆనోడు) ఎర్రబడినా అదే క్షణంలో ఆపేయాలి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన కొలత. ఈఎల్ 84 రెండో పిన్ను, అంటే వాల్వులో కరెంటును అదుపు చేసే గ్రిడ్డు. దీనికీ, ముందు వాల్వు ఆనోడుకూ మధ్య 0.01 లేదా 0.022 మైక్రోఫారడ్ కండెన్సర్ ఒకటుంటుంది. పాటను మాత్రం పోనిచ్చి, అటువైపున్న 100 వోల్టుల డీసీని ఆపడమే దాని పని. ముసలి పేపర్ కండెన్సర్ ఆ డీసీని ఆపలేదు. ఎంత లీకైతే ప్రమాదమో లెక్క చూడండి. గ్రిడ్డు రెసిస్టర్ 680 కిలోఓమ్‌లు అనుకుందాం. కండెన్సర్ లీకేజీ 10 మెగోమ్‌లైతే గ్రిడ్డు మీదికి ఆరు వోల్టుల పైగా ప్లస్ వస్తుంది. ఆ వాల్వుకు ఉండాల్సిన బయాస్ (కరెంటును పట్టి ఉంచే మైనస్ వోల్టేజీ) ఏడు వోల్టుల చుట్టుపక్కల. అంటే దాదాపు పగ్గాలు వదిలేసినట్టే. కరెంటు పెరుగుతుంది, రేకు ఎర్రబడుతుంది, ఆ కరెంటంతా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సన్నటి తీగలోంచే పోవాలి కాబట్టి అది తెగుతుంది. 100 మెగోమ్‌ల లీకేజీ కూడా ముప్పావు వోల్టుకు దగ్గరగా తెస్తుంది. మామూలు మల్టీమీటర్ 20, 40 మెగోమ్‌లు దాటి చూపించదు. చూపించినా రెండు మూడు వోల్టులతో కొలుస్తుంది కాబట్టి, 100 వోల్టుల దగ్గర కారే కండెన్సర్ దానికి నిక్షేపంలా కనిపిస్తుంది. మీటరు బాగుందన్నా అన్నీ మార్చమన్నది ఇందుకే.

కొత్త కండెన్సర్ వేసినా సరే, రెండో పిన్ను కొలవాల్సిందే. చాసిస్‌తో చూస్తే సున్నా ఉండాలి, కొద్దిగా మైనస్ ఉన్నా పర్వాలేదు. ప్లస్ కనిపిస్తే ఆపి, చార్జి దింపి, ఆ కండెన్సర్ ఒక కొస విప్పి మళ్లీ చూడండి. ప్లస్ పోతే తప్పు కండెన్సర్‌ది. అప్పటికీ ఉంటే వాల్వులో గ్యాస్ చేరింది, వాల్వు మార్చాలి. పావుగంటసేపు మీటరు అక్కడే ఉంచండి, వాల్వు లోపం వేడెక్కాకే బయటపడుతుంది. ఆ తర్వాత మూడో పిన్ను, కాథోడ్. బల్బు ఉండగా మూడు నాలుగు వోల్టులు, నేరుగా మెయిన్స్ మీద ఏడుకు అటూ ఇటూ. పది దాటితే ఆపండి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే 60 తీసి 100 వాట్ల బల్బు పెట్టండి. మళ్లీ అవే కొలతలు. అప్పుడే నేరుగా మెయిన్స్. మళ్లీ అవే కొలతలు.

పాట రాకపోతే

బ్యాండ్ స్విచ్చిని గ్రామఫోన్ వైపు తిప్పి, వాల్యూమ్ పెంచి, వెనక పికప్ సాకెట్‌లో చిన్న తీగ ముక్క పెట్టి దాని కొసను వేలితో తాకండి (ఏసీ సెట్టుకు మాత్రమే). గుర్రుమంటే ఆడియో భాగం బాగున్నట్టే, లోపం ముందు వాల్వుల్లో ఉంది. చాలాసార్లు ఈసీహెచ్ 81ను సాకెట్‌లో రెండు మూడుసార్లు తీసి పెడితే స్టేషన్లు వచ్చేస్తాయి, పిన్నులకు పట్టిన చిలుమే కారణం. వాల్వు నిజంగా పోతే కొత్తదానికి కంగారు పడొద్దు. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ ఇలాంటి వాల్వులు చాలా తయారు చేసింది, బెల్ ముద్రతో డబ్బా విప్పనివి ఇంకా బయటపడుతుంటాయి. మేజిక్ ఐ మసకబారడం మామూలే, దానివల్ల పాటకు ఏ ఇబ్బందీ లేదు.

రెక్టిఫయర్ వాల్వు పోయిందని దాని స్థానంలో రెండు డయోడ్లు పెట్టించకండి. మిగతా వాల్వులు వేడెక్కకముందే హెచ్‌టీ మొత్తం వచ్చి పడుతుంది, మామూలుగా ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా కూడా వస్తుంది. లోపలంతా పీకేసి బ్లూటూత్ బోర్డు పెట్టించడం గురించి నేను చెప్పేది ఒక్కటే. పెట్టె కావాలంటే వడ్రంగి చేత చేయించుకోండి, రేడియోను వదిలేయండి.

ఏరియల్ సాకెట్‌లో ఐదారు మీటర్ల తీగ పెట్టి కిటికీ బయటికి వేయండి. పాతకాలం రాగి జాలీ ఏరియల్ ఇంట్లో ఉంటే ఇంకా మంచిది. దగ్గర్లో ఎల్ఈడీ బల్బులు, మొబైల్ చార్జర్లు ఉంటే మీడియం వేవ్ మీద బరబర తప్పదు. సెట్టును తప్పుబట్టే ముందు అవన్నీ ఆపి వినండి.

పాత డయల్ మీద అంకెలు సాధారణంగా మీటర్లలో ఉంటాయి. 300 వేలను కిలోహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు వస్తాయి. విజయవాడ 837 అంటే 358 మీటర్ల దగ్గర, హైదరాబాద్ 738 అంటే 406 దగ్గర వెతకండి. స్టేషన్లన్నీ ఒకే వైపు ఒకే మేర జరిగి వస్తున్నాయంటే సాధారణంగా తాడు మీద ముల్లు జారిందనే అర్థం, ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్లకు దానితో సంబంధం లేదు. తెలిసిన స్టేషన్ ఒకటి పెట్టి, ముల్లును చేత్తో ఆ అంకె దగ్గరికి జరిపి, తాడు పట్టుకునే చోట గోళ్ల రంగు ఒక చుక్క వేసి ఆరనివ్వండి.